దీర్ఘం తీసే హక్కు



మీ జేబులోనో, వంటింట్లో పోపుల డబ్బాలోనో ఒక రూపాయి బిళ్ళ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఒకవైపు సింహాలుంటాయి. వాటి కింద, సత్యానిదే గెలుపని చెప్పే చిన్న మాట ఉంటుంది. రోజూ పది చేతులు మారే బిళ్ళ. ఆ మాటను ఆగి చదివినవాళ్ళం మనలో ఎందరం?

జార్జ్ ఆర్వెల్ రాసిన '1984' నవలలోనూ ఇలాంటి నాణెం ఒకటి ఉంది. విన్‌స్టన్ స్మిత్ అనే 39 ఏళ్ళ చిరుద్యోగి తన జేబులోంచి 25 సెంట్ల బిళ్ళ తీసి చూస్తాడు. ఒకవైపు దేశాన్నేలే పెద్దన్న తల. రెండోవైపు చీమల బారులాంటి సన్నటి అక్షరాల్లో, ఏలుతున్న పార్టీ నినాదాలు మూడు. యుద్ధాన్ని శాంతి అంటుంది మొదటిది. స్వేచ్ఛను బానిసత్వం అంటుంది రెండోది. తెలియనితనాన్ని బలం అంటుంది మూడోది. అవే మూడు, విన్‌స్టన్ పనిచేసే 300 మీటర్ల ఎత్తు తెల్లటి భవనం ముఖాన కూడా చెక్కి ఉన్నాయి. కొండంత గోడ మీదా అవే, గోరంత నాణెం మీదా అవే.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ మూడు ముక్కల గురించి. చిన్న పిల్లవాడిని అడిగినా అబద్ధమని చెప్పే మాటలు అవి. అంత పచ్చి అబద్ధానికి ఒక దేశం దేశమంతా ఎలా లొంగింది? ఆర్వెల్ ఆ లొంగుబాటును ఎక్కడ చూపించాడు?

ముందు ఆయన గురించి నాలుగు మాటలు. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న మన బీహార్‌లోని మోతీహారీలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. పసివాడుగా ఉండగానే తల్లి ఇంగ్లండుకు తీసుకుపోయింది. పెద్దయ్యాక బర్మాలో అయిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, మనసు విరిగి మానేశాడు. ఆ తరువాతి ఉద్యోగాల్లో నాకు ఆసక్తి ఉన్నది ఒకటుంది. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు దాకా ఆయన లండన్‌లో బీబీసీ తూర్పు విభాగంలో పనిచేశాడు. పని ఏమిటంటే, మన దేశంలోని శ్రోతల కోసం రేడియో ప్రసంగాలు తయారుచేయడం. ముల్క్‌రాజ్ ఆనంద్ లాంటి మన రచయితల చేత కూడా మాట్లాడించాడు.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ప్రసంగం కాగితం ముందుగా సెన్సారు చేతికి పోవాలి, ముద్ర పడాలి, ముద్ర పడిన మాటే మైకు ముందు పలకాలి. రెండేళ్ళు ఆ పని చేసి, తన కాలమూ ప్రజల సొమ్మూ వృథా అవుతున్నాయని చెప్పి ఆయన రాజీనామా ఇచ్చాడు. ఇంకో చిత్రం చూడండి. రేడియోలో అన్నిసార్లు మాట్లాడిన మనిషి గొంతు, ఒక్క రికార్డులో కూడా, ఇంతవరకు దొరకలేదు. కాగితాలు మిగిలాయి, గొంతు మిగల్లేదు.

ఆ తరువాత స్కాట్లాండ్ దగ్గర జూరా అనే దీవిలో, క్షయ రోగంతో దగ్గుతూ, ఆయన '1984' రాశాడు. 1949 జూన్ 8న పుస్తకం వచ్చింది. 1950 జనవరి 21న, 46 ఏళ్ళకే ఆయన పోయాడు. కాబట్టి మాట ఎక్కడ తయారవుతుందో, ఎవరి ముద్రతో బయటికి వస్తుందో లోపల కూర్చుని చూసినవాడు రాసిన నవల ఇది.

ఇక నవలలోకి వెళదాం. విన్‌స్టన్ పనిచేసేది సత్యశాఖలో. అక్కడ పని పాత పత్రికల్ని దిద్దడం, అంటే అబద్ధాల తయారీ. యుద్ధం నడిపేది శాంతిశాఖ. చిత్రహింసలు పెట్టేది ప్రేమశాఖ. జనానికి కొలిచి కొలిచి తిండి వేసేది సమృద్ధిశాఖ. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఒక ఉదయం, 11 గంటల వేళ. ఆఫీసులో అందరూ తమ గదుల్లోంచి కుర్చీలు లాక్కొచ్చి హాలు మధ్యలో వేసుకుంటారు. ఎదురుగా గోడకు పెద్ద తెర. అది మనకు బొమ్మ చూపిస్తుంది, మనల్నీ చూస్తుంది. రోజూ జరిగే ఆ కార్యక్రమానికి రెండు నిమిషాల ద్వేషం అని పేరు. తెర మీద దేశద్రోహి గోల్డ్‌స్టీన్ ముఖం వస్తుంది. జనం ఈలలు, కేకలు. రెండో నిమిషానికి లేచి గెంతుతుంటారు. వెనక కూర్చున్న నల్లజుట్టు అమ్మాయి చేతికందిన బరువైన పుస్తకం తీసి తెర మీదకు విసురుతుంది. అది గోల్డ్‌స్టీన్ ముక్కుకు తగిలి కింద పడుతుంది. ఏమిటా పుస్తకం? నిఘంటువు. మాటల పుస్తకాన్ని రాయిలా వాడే దేశం అది.

పార్టీ అంటే లోలోపల మండిపోయే విన్‌స్టన్ అప్పుడేం చేస్తున్నాడు? అందరితో పాటు అరుస్తున్నాడు. మడమతో కుర్చీ పట్టీని తంతున్నాడు. నటిద్దామనే అనుకున్నాడు. అర నిమిషం గడిచేసరికి నటన అక్కర్లేకపోయింది. చివర్లో పెద్దన్న ముఖం వస్తుంది, ఆ ముఖం కరిగి మూడు నినాదాలు పెద్ద అక్షరాల్లో నిలుస్తాయి. అప్పుడు జనం పెద్దన్న పేరులోని రెండు పొడి అక్షరాల్నీ లయగా జపించడం మొదలుపెడతారు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య పెద్ద విరామం. నెమ్మదిగా, బరువుగా, అడవిలో డప్పు కొట్టినట్టు.

ఆ విరామంలోనే ఉంది కిటుకంతా. ఊపిరి అందరిదీ ఒక్కసారే లోపలికి పోతుంది, ఒక్కసారే బయటికి వస్తుంది. పక్కవాడు అరుస్తుండగా నువ్వొక్కడివీ ఊరుకోవడం కష్టం. నోరు ముందు నడుస్తుంది, మనసు వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి కలుసుకుంటుంది.

నాకిది చిన్నప్పుడే అనుభవమైంది. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మా వీధిలోంచి ఒక ఊరేగింపు పోతోంది. ముందు రిక్షాలో మైకు పట్టుకుని ఒకాయన. ఆయన సగం మాట అంటాడు, వెనక జనం మిగతా సగం అందుకుంటారు. ఆ మిగతా సగం "నశించాలి". నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళ వెనక పడ్డాను. పిడికిలి ఎత్తి, గొంతు పగిలేలా, "నశించాలి, నశించాలి" అంటూ చెరువుగట్టు దాకా పోయాను. ఇంటికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ అడిగింది: "ఎవర్రా అబ్బాయ్, నశించాల్సింది?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ముందు మైకులో ఆయన ఏమన్నాడో నేను వినలేదు. నా వంతు వచ్చినప్పుడు అరవడం మీదే ఉంది ధ్యాసంతా.

"తెలియదా? తెలియనివాణ్ణి పట్టుకుని నశించమంటావట్రా? కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువుగాని" అంది.

చాలా ఏళ్ళ తరువాత '1984' చదువుతుంటే ఆ సాయంత్రం గుర్తొచ్చింది. నవలలో ద్వేషవారం అనే పండగ జరుగుతుంది. ఆరో రోజు. వేలమంది జనం. వేదిక మీద బక్కపలచటి వక్త ఒకడు, ఒక చేత్తో మైకు మెడ పట్టుకుని, శత్రు దేశమైన యురేషియాను దుమ్మెత్తిపోస్తుంటాడు. ఇరవై నిమిషాలు గడిచాక ఎవరో వచ్చి చేతిలో చీటీ పెడతారు. వక్త ఆగడు. గొంతు మారదు, ఆవేశం మారదు, వాక్యం కూడా తెగదు. పేరు మాత్రం మారుతుంది. ఇప్పుడు శత్రువు ఈస్టేషియా. నిన్నటిదాకా మిత్రదేశం అది. జనం తమ చేతుల్లో ఉన్న పాత పేరు బ్యానర్లు చూసుకుని, ఇవి ద్రోహులు పెట్టినవని చింపి పారేస్తారు. మరు నిమిషం మళ్ళీ అదే అరుపు.

మన వ్యాకరణంలో చెబితే, నామవాచకం మారింది, క్రియ మారలేదు. నినాదంలో జనం వాటా ఎప్పుడూ ఆ క్రియే. వర్ధిల్లాలి, నశించాలి. ఎవరు వర్ధిల్లాలి, ఎవరు నశించాలి అన్నది ముందు రిక్షాలో ఉన్నవాడి చేతిలో ఉంటుంది. నేను చెరువుగట్టు దాకా మోసుకుపోయింది ఆ క్రియనే.

మరి ఆ మూడు నినాదాలకు అర్థం లేదా అంటే, ఉంది. నవలలో నిషిద్ధ గ్రంథం ఒకటి విన్‌స్టన్ చేతికి వస్తుంది. ఆ గ్రంథంలో అధ్యాయాల పేర్లే పార్టీ నినాదాలు. యుద్ధం గురించిన మూడో అధ్యాయం ముందు చదువుతాడు. ఎడతెగకుండా సాగే యుద్ధం, జనం కష్టం మీద పండిన మిగులంతా తినేస్తుందని, ఆ రకంగా ఇంట్లో అధికారం ప్రశాంతంగా ఉంటుందని అందులో ఉంటుంది. తెలియనితనం గురించిన మొదటి అధ్యాయం తరువాత చదువుతాడు. మరి రెండోది? మధ్యలో ఉండాల్సిన ఆ అధ్యాయం నవలలో ఎక్కడా కనబడదు. స్వేచ్ఛ బానిసత్వం ఎలా అవుతుందో పుస్తకంలో చదివే అవకాశం విన్‌స్టన్‌కు రాదు, మనకూ రాదు.

ఆ పాఠం తరువాత వేరేచోట వస్తుంది. ప్రేమశాఖలో, విన్‌స్టన్‌ను మంచానికి కట్టేసి ఉన్నప్పుడు, హింసించే ఓబ్రయన్ నోటివెంట వస్తుంది. ఈ నినాదాన్ని తిరగేసి చూశావా అని అడుగుతాడతను. ఒంటరిగా, స్వేచ్ఛగా ఉన్న మనిషి ఓడిపోక తప్పదట, ఎందుకంటే చావక తప్పదు కనుక. తనను తాను పార్టీలో కలిపేసుకున్నవాడికి చావు లేదట. పుస్తకంలో ఖాళీ వదిలిన పేజీని శరీరం మీద రాశారన్నమాట. ఆర్వెల్ కావాలనే అలా వదిలాడో లేదో గాని, నినాదానికి వివరణ అడిగితే చివరికి ఎక్కడికి తీసుకుపోతారో అంతకంటే బాగా చెప్పడం కష్టం.

అయితే అందరినీ మంచానికి కట్టనక్కర్లేదు. చాలామందికి చాక్లెట్టు చాలు. పార్టీ వారానికి 30 గ్రాముల చాక్లెట్టు రేషను ఇస్తుంటుంది. దాన్ని 20కి తగ్గిస్తుంది. మర్నాడు తెర మీద వార్త వస్తుంది: చాక్లెట్టు రేషను 20 గ్రాములకు పెంచినందుకు పెద్దన్నకు కృతజ్ఞతలు చెబుతూ జనం ఊరేగింపులు తీశారట. మధ్యలో ఒక్క రాత్రే గడిచింది. విన్‌స్టన్ భోజనాల బల్ల దగ్గర చుట్టూ చూస్తాడు. పక్కింటి పార్సన్స్ ఆలోచించకుండా మింగేశాడు. పక్క బల్ల మీద కళ్ళజోడువాడు భక్తితో మింగేశాడు. చదువుకున్న సైమ్ కూడా మింగాడు, కాకపోతే కాస్త మెలికలు తిప్పి. నిన్నటి 30 గుర్తున్నవాడు తానొక్కడేనా అని విన్‌స్టన్‌కు భయం వేస్తుంది. జ్ఞాపకం ఉండటం కంటే, తనకొక్కడికే ఉండటం భయంకరం.

ఆ భోజనాల బల్ల దగ్గరే భాష సంగతి కూడా వస్తుంది. సైమ్ పని, కొత్తభాష అనే పార్టీ భాషకు నిఘంటువు తయారీ. ఆ నిఘంటువు ప్రతి ముద్రణకూ చిక్కిపోతుంది. మాటలు చేర్చడం కాదు, చంపడం అతని ఉద్యోగం. మంచి అన్న మాట ఉంటే చెడు అన్న మాట ఎందుకు, మంచికానిది అంటే సరిపోదా అంటాడు. ఇంకా గట్టిగా చెప్పాలంటే ముందు ఒక ఉపసర్గ తగిలిస్తే చాలు. 850 మాటలతో బేసిక్ ఇంగ్లీష్ అని సి. కె. ఆగ్డెన్ 1930లో తయారుచేసిన భాష మీద ఆర్వెల్‌కు కొంతకాలం ఆసక్తి ఉండేది. ఆ ఆసక్తి తలకిందులై ఈ పాత్రలోకి వచ్చిందని చాలామంది విమర్శకుల అభిప్రాయం.

ఇదే మన ఇంట్లో జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. పులుసు బాగాలేదని చెప్పడానికి మా నాయనమ్మ దగ్గర ఎన్ని మాటలుండేవో. ఏడ్చినట్టుంది, అఘోరించింది, చప్పిడి మొహంలా ఉంది, కుడితి నయం. వీటిలో ఒక్కో మాటకు ఒక్కో తప్పు దొరుకుతుంది. ఉప్పు తక్కువా, చింతపండు ఎక్కువా, మాడిందా, నీళ్ళోడిందా అన్నది మాటలోనే తెలిసిపోతుంది. అన్నీ తీసేసి "మంచికానిది" అని ఒక్కటే ఉంచితే, పులుసు పాడైందని తెలుస్తుంది గాని, ఎవరు పాడుచేశారో, ఎందుకు పాడైందో అడగడానికి నోట్లో మాట ఉండదు. ఫిర్యాదు చేయాలంటే ముందు తప్పుకు పేరుండాలి.

ఇక ఆ పక్క బల్ల కళ్ళజోడువాడు. అతను ఆపకుండా మాట్లాడుతూనే ఉంటాడు. దీపం వెలుగు అద్దాల మీద పడి, కళ్ళ చోట రెండు తెల్లటి బిళ్ళలు కనబడుతుంటాయి. మాట్లాడేది మనిషి కాదు, ఏదో బొమ్మ అనిపిస్తుంది విన్‌స్టన్‌కు. ఆ మాట తీరుకు కొత్తభాషలో ఒక పేరుంది: బాతుకూత. శత్రువును అంటే తిట్టు, మనవాణ్ణి అంటే మెప్పు. మూడేళ్ళ ముందు, 1946లో, రాజకీయాలకూ ఇంగ్లీషు భాషకూ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసంలో కూడా ఆర్వెల్ ఇదే బొమ్మ గీశాడు. వేదిక మీద అలసిన ఉపన్యాసకుడు, కళ్ళజోడు మీద వెలుగు, వెనక కళ్ళు లేనట్టు. అంటే ఇది ఊహించిన లోకంలోని మనిషి కాదు. తన కాలపు సభల్లో చూసిన మనిషే. మనకు చిలక పలుకులు అన్న మాట ఎప్పటినుంచో ఉంది. పాపం చిలక నేర్పిన రెండు మాటలే పలుకుతుంది, జీతం అడగదు.

ఇంతవరకు నినాదం జనాన్ని ఎలా పట్టిందో చూశాం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే చోట ఉంది. విన్‌స్టన్ దొంగతనంగా ఒక డైరీ కొంటాడు. మొదటిసారి, మెత్తటి పాత కాగితం మీద, తన సొంత మాట రాయడానికి కూర్చుంటాడు. కాసేపు ఆలోచనలో పడతాడు. తేరుకుని చూసుకుంటే అతని చెయ్యి తనంతట తానే రాసేసి ఉంది. పెద్దన్న కూలిపోవాలని, పెద్ద పెద్ద అక్షరాల్లో, ఒకే మాట, మళ్ళీ మళ్ళీ, సగం పేజీ నిండా. చూశారా? తిరగబడిన చెయ్యి కూడా రాసింది నినాదమే. గోడ మీద, నాణెం మీద, తెర మీద చూసి చూసి అతనికి వేరే రూపం తెలియదు. కోపానికి పేరు మారింది, అచ్చు మాత్రం పార్టీదే.

అదే మాట ఇంకొకడి నోట్లోంచి కూడా వస్తుంది. ఎవరో కాదు, చాక్లెట్టు వార్త మింగిన పక్కింటి పార్సన్స్. నిద్రలో కలవరిస్తూ అంటాడు. తాళం కన్నంలోంచి విని సొంత కూతురే వెళ్ళి చెప్పేస్తుంది. జైల్లో కూర్చుని అతను, తన కూతుర్ని బాగా పెంచానని గర్వపడతాడు.

చివరికి విన్‌స్టన్‌కు ఒక పలకా బలపమూ ఇస్తారు. వంకర టింకర అక్షరాలతో, ఒకటో తరగతి పిల్లవాడిలా, స్వేచ్ఛ గురించిన ఆ నినాదం రాస్తాడు. దాని కింద రెండూ రెండూ అయిదు అని రాస్తాడు. ఈ లెక్క కూడా ఆర్వెల్ గాలిలోంచి పట్టింది కాదు. మొదటి పంచవర్ష ప్రణాళికను నాలుగేళ్ళలోనే ముగించాలని సోవియట్ రష్యాలో 2+2=5 అని పోస్టర్లు వేశారు. నినాదంతో మొదలైన చెయ్యి నినాదంతోనే ఆగింది. డైరీకీ పలకకూ మధ్య మనిషి నలిగిపోయాడు.

మరి దీనికి విరుగుడు లేదా? ఇంకో నినాదం విరుగుడు కాదని డైరీ చెబుతోంది. కిటికీ కింద బట్టలు ఆరేస్తూ పాడే చాకలామె ఒకావిడ నవలలో ఉంది. ఆమె పాడే పాట యంత్రం తయారుచేసింది, పార్టీ వదిలింది. అయినా ఆమె గొంతులో పడేసరికి అది వినసొంపుగా మారుతుంది. మాట ఎక్కడ పుట్టినా, పలికేవాడు దాన్ని తన గొంతుతో పలకగలడన్న ఆశ అక్కడ మిణుకుమంటుంది.

ఆ ఆశకు మన భాషలో ఒక ఉపాయం ఉంది. అది చెప్పి ముగిస్తాను.

ఆ మూడు నినాదాల్నీ తెలుగులోకి తేవాలని ఒకసారి కూర్చున్నాను. ఇంగ్లీషులో రెండు మాటల మధ్య ఒక క్రియ ఉంటుంది. తెలుగులో ఆ క్రియ రాలిపోతుంది. పక్కపక్కన రెండు మాటలు పెడితే చాలు. కాని ఊరికే పెడితే పేలవంగా ఉంటుంది. నా సొంత ఉదాహరణ చెబుతాను. "ఎండ నీడ" అన్నామనుకోండి, ఏదో జంట పదంలా ఉంటుంది. "ఎండే నీడ" అనండి. ఒక్క ఏకారం తగిలేసరికి గోడ మీద రాయడానికి పనికొస్తుంది. అధికారం అంతా ఆ ఒక్క అచ్చులో ఉంది.

అది చెడ్డ అచ్చేమీ కాదు. మన రూపాయి బిళ్ళ మీద సంస్కృతపు మాటలోనూ అదే నొక్కు ఉంది. స్వాతంత్ర్యం కోసం మన పెద్దలు వీధుల్లో ఎత్తిన పిలుపుల్లోనూ ఉంది. నొక్కి చెప్పడం నేరం కాదు. తేడా ఎక్కడంటే, దాని తరువాత వచ్చే అచ్చులో.

"ఎండే నీడ" అన్నవాడి ఎదుట నిలబడి, చివరి అక్షరాన్ని కొంచెం సాగదీయండి. "ఎండే నీడా?"

అంతే. కొత్త మాట చేర్చలేదు. కేక వేయలేదు, పిడికిలి ఎత్తలేదు. ఆకారం ఒకటి వచ్చి కూర్చుంది, నినాదం ప్రశ్న అయిపోయింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు దీన్ని దీర్ఘం తీయడం అంటారు. ఎవరైనా మరీ కోతలు కోస్తుంటే "ఆ..." అని దీర్ఘం తీస్తారు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని నా "నశించాలి"కి తీసింది ఆ దీర్ఘమే.

నాణెం మీది మాటను కూడా అలాగే అడిగి చూడండి. సత్యానిదేనా గెలుపు? అడిగినందుకు ఆ మాట చెదరదు. ఒక్కోరోజు ఔననిపిస్తుంది, ఒక్కోరోజు సందేహమనిపిస్తుంది, మాట మాత్రం బిళ్ళ మీద నిలబడే ఉంటుంది. పెద్దన్న నాణెం మీది మాట అలా నిలబడదు. అందుకే ఆ దేశంలో ఎవరైనా దీర్ఘం తీస్తే, తాళం కన్నం దగ్గర ఒక పసిపిల్ల కాచుకుని ఉంటుంది.

మన వీధిలోంచి ఈ వారమో వచ్చే వారమో ఏదో ఒక మైకు పోతుంది. పిల్లలు దాని వెనక పరుగెడతారు. పరుగెత్తనివ్వండి. తిరిగొచ్చాక, అన్నం పెట్టే ముందు, ఎవర్రా నశించాల్సింది అని ఒక్క మాట అడగండి.